బ్రౌను దొర గ్రంథసంచయము

మన గ్రంథాలయమునకు సాయంకాలములందు వచ్చు బాలురలో నలుగురైదుగురు తపాలా బిళ్ళలు ప్రోగుచేయుచున్నారు. ఉత్తరములు వ్రాసికొనుటయే అరుదైన ఈ కాలమున ఆ ముచ్చట వారికెట్లు పట్టినదో నాకు తెలియదు. ఒకనాడు వారు బిస్కత్తుల డబ్బానిండ నానాదేశముల బిళ్ళలను తెచ్చి బల్లమీద గుమ్మరించి, వీనిని వేరుచేయు మార్గము చెప్పుమని నన్ను చుట్టుముట్టిరి. ముప్పదియేండ్లుగా గ్రామపు లెక్కలు వ్రాయుచున్నవాడను గనుక చిందరవందరగా నున్నదానిని దారికి తెచ్చు విద్య నాకు వచ్చునని వారి నమ్మకము.

మొదట దేశములవారీగా కుప్పలు పెట్టితిమి. అది తోచినంత సులభము కాదు. స్విట్జర్లాండు బిళ్ళమీద హెల్వీషియా యనియు, హంగేరి బిళ్ళమీద మగ్యార్ యనియు, ఫిన్లాండు బిళ్ళమీద సువోమి యనియు ఉండును. ఇంగ్లండు బిళ్ళమీద దేశము పేరే యుండదు; 1840లో లోకమున మొట్టమొదట అంటించు బిళ్ళలు అచ్చువేసినవారు గనుక తమ రాణి తలనే తమ పేరుగా నిలుపుకొనిరి. దేశము తేలిన పిమ్మట సంవత్సరము, ఆ పిమ్మట వెల. చూపునకు ఒక్కటే యనిపించు రెండు బిళ్ళలను వెలుతురునకు పట్టి చూచినచో కాగితములోని నీటిగుర్తులు వేరుగా నుండవచ్చును. అంచున నుండు రంధ్రములను లెక్కించినచో ఒకదానితో నొకటి సరిపడకపోవచ్చును. ఒకే బిళ్ళ రెండుసార్లు వచ్చినదని రెండవదానిని పాఱవేయబోయిన పిల్లవానిని వారించితిని. ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు గదా భేదము తెలియుట!

ఆ మాట యనుచుండగనే నాకు చార్లెస్ ఫిలిప్ బ్రౌను జ్ఞప్తికి వచ్చెను. నిఘంటుకర్తగాను, వేమనను వెలికి తెచ్చినవానిగాను ఆయన పేరు వినని తెలుగువాడుండడు. ఆయన గ్రంథములను ప్రోగుచేసి, గుర్తించి, వరుస పెట్టిన తెఱగును గూర్చి మాత్రము తక్కువగా చెప్పుకొందుము. గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో దానిని ముచ్చటించుట సముచితమని తలచితిని. ఆ పని మొలకెత్తినది మన బందరులోనే యగుట మఱియొక కారణము.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతబోధకుడు, ఫోర్టు విలియం కళాశాలలో పెద్ద పదవి వహించినవాడు. 1812లో ఆయన గతించుటతో కుటుంబము ఇంగ్లండు చేరెను. కుమారుడు హెయిలీబరీలోని కంపెనీ విద్యాలయమున చదివి, 1817 ఆగస్టులో చెన్నపట్టణమున ఓడ దిగెను. సెంటు జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు తెలుగు అక్షరములు దిద్దించిరి. 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా పోయెను. అచట రైతులతోను నౌకరులతోను మాటలాడి వాడుక తెలుగు చక్కగా పట్టుకొనెను గాని, కావ్యభాష ఆయనకు మూసిన తలుపుగనే యుండెను.

ఆ తలుపు తెఱచుకొన్నది బందరులో. కడప నుండి బదిలీయై వచ్చి, 1825లో రాజమహేంద్రవరమునకు వెళ్ళువఱకు ఆయన యిక్కడ నుండెను. 1824లో దుబాయి యను ఫ్రెంచి మతగురువు హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన పుస్తకమున వేమన పేరు చూచి, ఆ పద్యములు తెప్పించెను. వచ్చిన ప్రతులు ఒకదానికొకటి పోలలేదు. ఒకదానిలో నున్న పద్యము వేఱొకదానిలో లేదు. ఉన్నచోట పాఠము వేఱు. వరుస యెక్కడను ఒక్కటి కాదు. భారత భాగవతములకైనచో కథ యొక త్రాడువలె పద్యములను పట్టియుంచును. వేమనకు కథ లేదు. మకుట మొక్కటి తగిలించినచో ఎవడు చెప్పినను వేమన పద్యమే యగును. దేశము పేరు లేని బిళ్ళలవంటివే యవి.

పద్యము నడక తెలియనిదే పాఠము నిర్ణయింపరాదని గ్రహించి, బ్రౌను బందరులో తిప్పాభట్ల వేంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య యను పండితులకు శిష్యుడై ఛందస్సు నేర్చెను. యతి తప్పినచోట, గణము చెడినచోట లేఖకుని పొరపాటు పట్టుబడును గదా. లెక్కలో కూడిక తప్పినచో అంకె యెక్కడనో మాఱినదని మేము వెదకుటయు నిట్లే. ఆ విద్యా ఫలముగా 1827లో ఆయన ఆంధ్ర సంస్కృత ఛందస్సులపై ఒక గ్రంథము అచ్చువేయించెను. 1829లో వేమన పద్యములు 693, ఇంగ్లీషు అనువాదముతో వెలువడెను. వానిని నీతి, అధిక్షేపము, తత్త్వము అను తీరున విషయమునుబట్టి వేరుచేసెను. పదియేండ్లకు, 1839లో మఱల అచ్చువేసినపుడు పద్యముల సంఖ్య 1164 అయ్యెను. తొలి కూర్పుతో తృప్తిపడి యూరకుండక తన తప్పులను తానే దిద్దుకొనుట ఆయన గుణములలో నాకు మిక్కిలి నచ్చినది.

1826లో ఆయన మఱల కడప చేరి, తోటతో కూడిన బంగళా నొకదానిని కొనెను. జూలూరి అప్పయ్య, రావిపాటి గురుమూర్తిశాస్త్రి మున్నగువారు ఆయన సాహిత్య కృషిలో తోడ్పడిన పండితులు. ఉద్యోగరీత్యా దొర ఊరూరు తిరుగుచున్నను కడప బంగళాలో పండితులు, లేఖకులు జీతములకు కుదిరి పని సాగించుచుండిరి. జీతములు చెల్లించినది దొర, కంపెనీ కాదు. అందుచే ఆయన అప్పులపాలయ్యెను.

వారి పని యెట్లు జరిగెడిదో కొంచెము వివరింతును. ఒక కావ్యము కావలెనన్నచో ఒక ప్రతితో సరిపెట్టక, దొరకినన్ని ప్రతులను నానాప్రాంతముల నుండి తెప్పించుట మొదటి మెట్టు. కొన్ని వెలకు, కొన్ని యెరువునకు, కొన్ని నకలునకు. వానిలో నొకదానిని లేఖకుడు సీమ కాగితముమీద శుభ్రముగా వ్రాయును. ఒక పుట వ్రాసి దాని కెదుటి పుట ఖాళీగా విడుచును. పద్యములన్నిటికి సంఖ్యలు వేయుదురు. ఆపైన మిగిలిన ప్రతులను ఒక్కొక్కటిగా చదువుచు, పాఠభేదము వచ్చినప్పుడెల్ల ఖాళీ పుటలో ఆ సంఖ్య కెదురుగా నెక్కింతురు. అన్ని ప్రతులు ముగిసిన తరువాత పండితులు కూర్చుండి ఏ పాఠము తగునో వాదించి తేల్తురు. ఆపైన వ్యాఖ్య, పద్యసూచిక, తోలు బైండు. మనుచరిత్రమునకు జూలూరి అప్పయ్యగారి వ్యాఖ్యతో 1851లో వచ్చిన ముద్రణ ఈ శ్రమనుండి పుట్టినదే.

తాటాకు పుస్తకమునకు పద్యసంఖ్య యుండుట అరుదు. పదముల నడుమ ఎడము లేదు. పుస్తకము పేరు మొదట నుండదు. ఆశ్వాసాంతమున గద్యము చదివినగాని కవి యెవడో తెలియదు. చివరి ఆకులు పోయినచో, ఇంగ్లండు బిళ్ళమీద రాణి తలను కూడ చెఱిపివేసినట్లే. ఒక యాకును చేతబట్టి, ఇది ఫలాని కావ్యములోని ఫలాని యాశ్వాసమని చెప్పగలవాడు వేలపద్యములు కంఠస్థము చేసినవాడై యుండవలెను. ఆ గుర్తింపు దొరవలన నయ్యెడి పని కాదు; పండితులది. వరుస, సంఖ్య, సూచిక యను పట్టుదల మాత్రము దొరది. మన పండితులు చదువుచు తప్పు కనబడినచోట తమ విద్వత్తుచే అక్కడికక్కడ సవరించుకొని ముందునకు పోవుదురు. సవరించుటకు ముందు ఉన్నది ఉన్నట్లు వ్రాసియుంచుట మనకు అలవాటు కాదు. ఈ రెండును కలిసినందుననే పని నడచినది. ఒకరికే కీర్తి యంతయు కట్టబెట్టుట న్యాయము కాదని నా యభిప్రాయము.

1835లో బ్రౌను సెలవుపై లండను వెళ్ళెను. అచటి ఇండియా హౌసు పుస్తకాగారమున దక్షిణదేశపు వ్రాతప్రతులు పెద్దరాశిగా పడియుండుట చూచెను. అవి జాన్ లేడెన్ అను వైద్యుడు, బహుభాషావేత్త, ఈ దేశమున సేకరించినవి. లేడెన్ 1811లో జావాలో మరణించెను. అంత దూరము సముద్రము దాటి వచ్చిన ఆ గ్రంథములలో నేమున్నదో లండనులో చెప్పగలవారు లేరు. తెలుగు లిపి చదువువారే అరుదు. భద్రమైన గోడల మధ్య నున్నను అవి పోయినవానితో సమానమయ్యెను. బ్రౌను వానిని పరిశీలించి, చదువగల పండితులున్న చెన్నపట్టణమునకు పంపుట మేలని కంపెనీవారికి నచ్చజెప్పెను. సీమకు పోయిన వస్తువు తిరిగి వచ్చుట ఆ కాలమున ఎంత యరుదో చదువరులు ఊహింపగలరు.

1838లో తిరిగి వచ్చి ప్రభుత్వమునకు పారసీక భాషానువాదకుడుగా పనిచేసెను. 1840లో ఆయన తెలుగు వ్యాకరణము వెలువడెను. 1846లో ఆయనకు రెండు పదవులు కలిసి వచ్చినవి: ఒకటి తెలుగు అనువాదకత్వము, రెండవది చెన్నపట్టణపు పోస్టుమాస్టరు జనరలు పదవి. మా బాలురకు ఈ సంగతి చెప్పినపుడు వారి ముఖములు వికసించినవి. కరాచీలో సింధు డాకు బిళ్ళలు వచ్చినది 1852లో. దేశమంతటికి విక్టోరియా రాణి తలతో బిళ్ళలు అమలులోనికి వచ్చినది 1854 అక్టోబరు 1న. వానిలో అరయణాది నీలము, అణాది ఎఱుపు, రెండణాలది ఆకుపచ్చ. నాలుగణాలది మాత్రము రెండు రంగులది. ఆ నాలుగణాల బిళ్ళలో కొన్నిటిమీద రాణి తల తలక్రిందులుగా పడినది. అట్టిది నేడొకటి దొరకినచో మా యూరిలో పొలము కొనవచ్చునని చెప్పగా, వారు డబ్బా అంతయు మఱల గుమ్మరించి వెదకిరి!

తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లోను, ఇంగ్లీషు తెలుగు నిఘంటువు 1854లోను వెలువడినవి. ఆయేడే కచేరీలలో వాడు హిందూస్తానీ, పారసీక, ఇంగ్లీషు మాటలకు మిశ్రభాషా నిఘంటువు నొకటి వేఱుగా కూర్చెను. జమ, ఖర్చు, వసూలు, బాకీ యని దినమెల్ల వ్రాయు మావంటివారికి ఇది గౌరవముగనే తోచును; పండితులు అంటరానివిగా చూచిన మాటలకు కూడ ఆయన యొక గది కేటాయించెను. ఆయన చెప్పిన వ్యుత్పత్తులన్నియు నిలువవు. ఇంగ్లీషు అభిరుచితో మన ప్రబంధములను తూచి తేలిక యనిన చోట్లును గలవు. వసుచరిత్రమును వరుసగా నాలుగుసార్లు చదివికొన్న నాబోటి మొండివానికి ఆ తీర్పులు రుచింపవు. అయినను మాట యెక్కడ వాడబడినదో చూపుచు అర్థము చెప్పుట మనకు ఆయన పెట్టిన భిక్ష.

1855లో, అనగా బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై మన సీమకు కాలువలు పాఱిన యేటనే, ఆయన ఉద్యోగము చాలించి వెళ్ళిపోయెను. పిదప లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా నుండి, 1884 డిసెంబరు 12న అచటనే కాలధర్మము నొందెను. ఆయన తన వ్రాతప్రతులను ముందే చెన్నపట్టణపు లిటరరీ సొసైటీకి సమర్పించియుండెను. కాలక్రమమున అవియు, లేడెన్ ప్రతులును, కర్నల్ మెకంజీ సేకరించినవియు ఒక్కచోట చేరి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమైనవి. మెకంజీకి కుడిభుజమైన కావలి వేంకటబొఱ్ఱయ్య మన పొరుగున నున్న ఏలూరివాడు. టేలరు దొర 1857 మొదలు 1862 వఱకు మూడు సంపుటములుగా వాని పట్టికను ప్రకటించెను. కడప బంగళా శిథిలమైనచోట ఇరువదవ శతాబ్ది చివర జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషివలన బ్రౌను పేర గ్రంథాలయము వెలసినది.

ఇక నా సంగతి యొకటి చెప్పక తప్పదు. ఈ గ్రంథాలయము పెట్టిన క్రొత్తలో ఊరిలో నొక పాతయిల్లు పడగొట్టుచు, అటకమీది తాటాకు కట్టలను గోనెసంచిలో వేసి నాకిచ్చిరి. పండ్రెండో పదునాలుగో, నేను సరిగా లెక్కపెట్టలేదు. ఒక పట్టణమునుండి సాహిత్యాభిమానులమని ఇద్దఱు వచ్చి, చదివి తెచ్చియిత్తుమని మంచి కట్టలను ఎంచి పట్టుకుపోయిరి. రసీదు అడుగుట మర్యాద కాదని ఊరకుంటిని. పేరు, ఆకుల సంఖ్య, మొదటి పద్యము, ఏదియు వ్రాసికొనలేదు. రైతు కట్టిన పది రూపాయలకు రసీదు వ్రాయకుండ వదలనివాడను! తరువాత రెండుమాఱులు వెళ్ళి అడిగితిని గాని, పోయినవి ఏవో నేనే చెప్పలేనప్పుడు వారేమి వెదకగలరు?

మూడు కట్టలు మిగిలినవి. గత వేసవిలో ఆ బాలురతో కూర్చుండి వానిని తుడిచి, నిమ్మగడ్డి నూనె పూసి, ఆకులకు సంఖ్యలు వేసి పట్టిక వ్రాసితిమి. ఒకటి ఆంధ్ర మహాభారతమున విరాటపర్వము, 3వ ఆశ్వాసము మొదలు తుదివఱకు. రెండవది వైద్యము, 41 ఆకులు, కర్త తెలియదు. మూడవదానికి మొదలును తుదియును లేవు. దాని నడిమి ఆకుల నకలు వ్రాసి, ఎదుటి పుట ఖాళీగా విడిచి, గ్రంథాలయపు బీరువాలో రెండవ అరలో నుంచితిమి. చదువగలవారెవరైన వచ్చి చూడవచ్చును.