కాచిగూడ మాస్టారు, పోలీసు జట్టు

రేపల్లెలో బయల్దేరి తెనాలి, గుంటూరు మీదుగా వెళ్ళే డెల్టా ఎక్స్‌ప్రెస్ మన కాలేజీలో చాలామందికి తెలిసిన బండే. పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ దిగేది కాచిగూడలో. ఆ కాచిగూడలోనే ఒకప్పుడు మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పిన ఒక మాస్టారు భారతదేశానికి ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో రెండు బంగారు పతకాలు తెచ్చిపెట్టాడు. దేశానికి ఆ ఆటలో ఆసియా క్రీడల స్వర్ణాలు మొత్తం ఉన్నవే ఆ రెండు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్‌లో ఇప్పటికీ పాతవాళ్ళు రహీమ్ సాబ్ అనే అంటారు.

2024లో అజయ్ దేవగణ్ హీరోగా మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది కదా, అది ఈయన కథే. హాస్టల్లో లాప్‌టాప్ చుట్టూ చేరి చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. సినిమా బాగానే ఉంది. కానీ అందులో దేశం జట్టు, కలకత్తా రాజకీయాలు కనిపించినంతగా ఆయన ఊళ్ళో పెంచిన జట్టు కనిపించదు. నా మటుకు అసలు కథ అక్కడే ఉంది. ఆ జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్.

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివారు, చదివే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకి ఆడారు. తర్వాత కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఇలా బడి మారుతూ పాఠాలు చెప్పారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బళ్ళో ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. అంటే మనం స్కూల్లో డ్రిల్ మాస్టారు అని పిలిచి, లెక్కల సార్‌కి పీరియడ్ ఇచ్చేస్తారేమో అని భయపడుతూ ఉంటామే, ఆ మాస్టారన్నమాట. సాయంత్రాలు క్లబ్బుల్లో ఆడేవారు.

1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. 1940ల మొదట్లో రహీమ్ దాని కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. కార్యదర్శి అనగానే లెటర్‌హెడ్, సన్మానాలు, శాలువాలు గుర్తొస్తాయి మనకి. ఈయన ఆ కుర్చీని వాడుకున్న తీరు వేరు. ఊళ్ళో టోర్నమెంట్లు పెట్టారు, అవి కూడా వింత రూల్స్‌తో. ఒక టోర్నమెంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు. బంతి వచ్చిందా, వెంటనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలుతోనే ఆడాలి. కుడి కాలివాటం ఉన్నవాడు ఎడమ కాలితో తన్నాలి, అంతే.

ఇది కొంచెం ఆగి చూడాల్సిన విషయం. అప్పట్లో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే ఎక్కువగా ఒంటికాలి విద్వాంసుల ఆట. బంతి కాళ్ళకి అతుక్కున్నట్టు తీసుకుపోతూ ఇద్దరిని, ముగ్గురిని తప్పించుకుంటే జనం చప్పట్లు. కానీ మనిషి ఎంత పరిగెత్తినా బంతి అంత వేగంగా పరిగెత్తలేడు. పాస్ చేస్తే బంతి ముందే చేరుతుంది, ఎదుటి జట్టు తిరిగి సర్దుకునేలోపే. డ్రిబ్లింగ్ వద్దని రూల్ పెడితే, బంతి రాకముందే ఎవరికి ఇవ్వాలో తల తిప్పి చూసుకోవడం కుర్రాడికి తప్పదు. చూడమని వందసార్లు చెప్పే బదులు, చూడకపోతే ఆట సాగని పరిస్థితి సృష్టించారు మాస్టారు. మన డిజైన్ సబ్జెక్టుల్లో పరిమితులు పెట్టి ప్రాబ్లమ్ ఇస్తారు చూడండి, అదే పద్ధతి.

1950లో ఆయన సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యారు. అది రహీమ్ పుట్టించిన జట్టు కాదు, ముందునుంచీ ఉన్నదే. ఆటగాళ్ళు పోలీసు ఉద్యోగులు. కలకత్తా క్లబ్బుల దగ్గర ఉన్న డబ్బు, అభిమానుల గుంపులు వీళ్ళకి లేవు. వీళ్ళకి ఉన్నది ఆట వల్ల వచ్చిన సర్కారు ఉద్యోగం, నెల జీతం. ఆ రోజుల్లో బీద ఇంటి కుర్రాడికి అది చిన్న విషయం కాదు. ఇల్లు గడుస్తుందన్న భరోసా ఉంటే పొద్దున్నా సాయంత్రం గ్రౌండ్‌లో ఉండొచ్చు. పోలీసు శాఖలో శివకుమార్ లాల్ లాంటి పెద్ద అధికారులు ఆటకి అండగా నిలిచారు. ఆ పునాది లేకుండా రహీమ్ ఒక్కరే అన్నీ చేశారంటే నేను నమ్మను.

ఇక ఆ 1950 ఏడాదే చూడండి. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి రెండేళ్ళే అయింది. 1948 గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆ ఊరి పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలిచింది. ఢిల్లీలో స్వాతంత్ర్యం తర్వాత మొదటిసారి జరిగిన డ్యూరాండ్ కప్‌లో ఫైనల్‌కి వచ్చింది. ఎదురుగా మోహన్ బగాన్. బ్రిటిష్ పటాలాన్ని 1911లోనే ఓడించిన క్లబ్. మొదటి మ్యాచ్ డ్రా. మళ్ళీ ఆడారు. హైదరాబాద్ 1-0తో గెలిచింది.

రోవర్స్ కప్ మరుసటి ఏడాది కూడా వీళ్ళదే. ఆ మరుసటి ఏడాదీ వీళ్ళదే. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు. రోవర్స్ చరిత్రలో ఇంకే జట్టూ ఆ పని చెయ్యలేదు. డ్యూరాండ్ 1954లో, 1957లో మళ్ళీ వచ్చింది. 1956, 1957లలో హైదరాబాద్ రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ కూడా తెచ్చుకుంది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి ఆటగాళ్ళు సిటీ పోలీస్ నుంచి దేశం జట్టుకి వెళ్ళి, 1952, 1956 ఒలింపిక్స్ రెండూ ఆడారు.

రహీమ్ కళ్ళు ఊరంతా తిరుగుతూ ఉండేవి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే కుర్రాడు ఉండేవాడు. తమిళ కుటుంబం, ఇంట్లో లేమి. బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్లని చెప్పులు కుట్టే అతని చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడట. రహీమ్ అతని ఆట చూసి ప్రాక్టీస్‌కి రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవని కుర్రాడు చెప్పాడు. మాస్టారు జేబులోంచి రూపాయి తీసి, అద్దె సైకిల్ తీసుకుని రమ్మన్నారు. బలరామ్ ముసలితనంలో కూడా ఆ రూపాయి సంగతి చెప్పుకునేవాడు. ఆ కుర్రాడు 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు, అర్జున అవార్డు తీసుకున్నాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ అతన్ని తీసుకుపోయింది. హైదరాబాద్‌లో పండింది కలకత్తా మార్కెట్‌కి పోవడం అప్పుడే మొదలైంది.

దేశం జట్టు సంగతికొద్దాం. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీమ్ కోచ్. ఫైనల్‌లో ఇరాన్ మీద మేవాలాల్ ఒక గోల్ కొట్టాడు, స్వర్ణం వచ్చింది. ఏడాది తిరగ్గానే హెల్సింకీ ఒలింపిక్స్‌లో నేలకి దించారు. యుగోస్లావియా 10, మనం 1. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు, ఫిన్లాండ్ చలిలో, జారే గడ్డి మీద. వట్టి కాళ్ళతో ఆడటం మన గొప్ప అని ఇప్పటికీ ఫార్వర్డ్ మెసేజ్‌లు తిరుగుతుంటాయి. హెల్సింకీ స్కోరు చూశాక అందులో గొప్పేంటో నాకైతే అర్థం కాదు. ఆ తర్వాతే దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

నాలుగేళ్ళకి మెల్‌బోర్న్. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, సరిగ్గా నెల తర్వాత డిసెంబరు 1న భారత్ ఆస్ట్రేలియాతో ఆడింది. అంతకుముందు దాకా తెనాలి, బాపట్లవాళ్ళకి హైదరాబాద్ పక్క రాష్ట్రం. నెల కిందటే రాజధాని అయింది. ఆ రాజధాని కుర్రాళ్ళు ఒలింపిక్ జట్టులో ఒక గుంపుగా ఉన్నారు. హైదరాబాదీలు మరీ ఎక్కువయ్యారని మిగతా చోట్ల సణుగుడు కూడా ఉండేది. ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, 4-2తో గెలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియావాడు అతనే. సెమీఫైనల్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా, ఈసారి 4-1. నాలుగేళ్ళ ముందు పది తిన్నవాళ్ళు ఇప్పుడు నాలుగు తిన్నారు. చివరికి బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకి అంతకంటే పైస్థానం ఎప్పుడూ రాలేదు. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నాం, హంగరీతో 2-1తో ఓడాం. ఆ జట్టులో రహీమ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ కూడా ఉన్నాడు. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ముఖం చూడలేదు.

బూట్లొక్కటే కాదు మారింది. అప్పటి సంప్రదాయంలో ముందు ఐదుగురు దాడికి, వెనక ఇద్దరో ముగ్గురో కాపలాకి. సెంటర్ ఫార్వర్డ్ గోల్ ముందే కాచుకుని ఉంటాడు. రహీమ్ ఆ ఫార్వర్డ్‌ని కాస్త వెనక్కి లాగారు. అతన్ని కాపలా కాసే డిఫెండర్‌కి అప్పుడు చిక్కొచ్చి పడుతుంది. వెంట వెళ్తే గోల్ ముందు ఖాళీ, వెళ్ళకపోతే ఆ ఫార్వర్డ్‌కి తీరిగ్గా పాస్ చేసే అవకాశం. అదే కాలంలో హంగరీ ఈ ఎత్తుతోనే యూరప్‌ని వణికించింది. తర్వాత రహీమ్ 4-2-4 పద్ధతికి వచ్చారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచాక అందరికీ తెలిసిన పద్ధతి అది.

1962లో జకార్తా ఆసియా క్రీడలకి వెళ్ళేనాటికి రహీమ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. థాయిలాండ్ మీద 4-1తో గెలిచాం కానీ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అతను జట్టులో పెద్ద డిఫెండర్. జపాన్ మీద 2-0. సెమీఫైనల్ దక్షిణ వియత్నాంతో. తలకి కట్టుతో ఉన్న జర్నైల్‌ని రహీమ్ సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. గాయపడ్డ డిఫెండర్‌ని వెనక ఉంచితే ఎదుటివాళ్ళు అక్కడే గురిపెడతారు, ముందు పెడితే అతని బలమైన ఒళ్ళు వాళ్ళ డిఫెన్స్‌కి తలనొప్పి. జర్నైల్ గోల్ కొట్టాడు, 3-2తో బయటపడ్డాం.

ఫైనల్ సెప్టెంబరు 4న, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని ఇండోనేషియా రానివ్వలేదని మన దేశానికి చెందిన క్రీడాధికారి సోంధీ గట్టిగా విమర్శించడంతో ఊరంతా భారత్ మీద కోపంగా ఉంది. మన రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. స్టేడియంలో దాదాపు లక్షమంది, అందరూ మనకి వ్యతిరేకంగా అరిచేవాళ్ళే. మన వైపు అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళని ఆటగాళ్ళు తర్వాత చెప్పారు. ముందురోజు రాత్రి మాస్టారు ఆటగాళ్ళని ఒక కానుక అడిగారని, ఆ కానుక స్వర్ణమేనని కూడా వాళ్ళే చెప్పారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. గోల్‌లో హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్, ముందు వరసలో యూసుఫ్ ఖాన్, బలరామ్. కాచిగూడ పంతులు చూసి ఎంచుకున్న ముఖాలు.

తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, రహీమ్ చనిపోయారు. 53 ఏళ్ళు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలవలేదు.

ఈమధ్య మనం చూసిన హైదరాబాద్ క్లబ్ కథ పక్కన పెట్టి చూడండి. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది, పుణె క్లబ్ మూతపడ్డ చోటు నుంచి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐ.ఎస్.ఎల్. గెలిచింది. మూడేళ్ళలో కప్పు. మంచి ఆట, మంచి విదేశీ ఆటగాళ్ళు, నేనూ ఆ రాత్రి కేకలు పెట్టినవాణ్ణే. తర్వాత జీతాల బకాయిలు, ఆటగాళ్ళు వెళ్ళిపోవడం. 2025లో క్లబ్ ఢిల్లీకి మకాం మార్చి పేరు కూడా మార్చుకుంది. సిటీ పోలీస్ కూడా పేరు మార్చుకుంది నిజమే, కొత్త రాష్ట్రం వచ్చాక ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. కానీ ఆ జట్టు ఊరు వదల్లేదు, ఎందుకంటే దాని ఆటగాళ్ళు ఆ ఊరి గల్లీల్లో, బళ్ళలో, మాస్టారి వింత టోర్నమెంట్లలో తయారయ్యారు. పెట్టుబడి పెట్టినాయనకి డబ్బులైపోతే బంతి ఆగిపోయే ఏర్పాటు కాదది. అలాగని పోలీసు జట్టు రోజులే మేలు, మళ్ళీ అలాగే ఉండాలి అనడం లేదు. ఇవాళ కానిస్టేబుల్ ఉద్యోగం చూపించి ఏ కుర్రాణ్ణీ ఫుట్‌బాల్‌కి ఆపలేం. కానీ మన బాపట్ల, రేపల్లె స్కూళ్ళలో ఆ ఎడమ కాలి టోర్నమెంట్ పెట్టడానికి ఏ ఫ్రాంచైజీ అక్కర్లేదు, ఒక బంతి, ఒక పట్టుదల గల పి.ఇ.టి. సార్ చాలు.

రహీమ్ పోయిన ఏడాది ఆంధ్రప్రదేశ్ పోలీస్ మళ్ళీ రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్‌లోనూ ఫైనల్ దాకా వెళ్ళింది. ఎదురుగా ఉన్నది మళ్ళీ మోహన్ బగానే. ఈసారి మాత్రం 2-0తో మోహన్ బగాన్ గెలిచింది.