పురుగులకు ప్రాణం పోసినవాడు

బొమ్మల సినిమా అనగానే మనకు వాల్ట్ డిస్నీ గుర్తుకొస్తాడు. కాని ఆయన మిక్కీ మౌస్ 1928లో పుట్టడానికి పద్దెనిమిదేళ్ళ ముందే, చచ్చిన పురుగుల చేత వెండితెర మీద కుస్తీ పట్టించిన మనిషి ఒకడున్నాడు. ఆయనే లాదిస్లావ్ స్టారెవిచ్.

1882లో మాస్కోలో, పోలిష్ కుటుంబంలో పుట్టాడు. లిథువేనియాలోని కౌనస్ పట్టణంలో పెరిగాడు. పురుగులంటే ఆయనకు పిచ్చి. కొమ్ములవంటి దవడలున్న రెండు మగ పెంకుపురుగుల పోట్లాటను 1910లో సినిమా తీయబోయాడు. అవేమో రాత్రిపూట తిరిగే జీవులాయె! దీపం వెలిగిస్తే చాలు, కదలకుండా పడుండేవి. మరొకరైతే కెమెరా సర్దుకుని ఇంటికి పోయేవారు. ఈయన చచ్చిన పురుగుల కాళ్ళు తీసి, సన్నటి తీగెలతో, మైనంతో తిరిగి అతికించాడు. కాలు కాస్త జరపడం, ఒక బొమ్మ తీయడం. మళ్ళీ జరపడం, మళ్ళీ తీయడం. తెర మీద చూస్తే నిజమైన కుస్తీయే! అవి శిక్షణ పొందిన పురుగులని నమ్మినవాళ్ళూ ఉన్నారట.

పురుగుల్ని చూపిద్దామని బయలుదేరినవాడికి వాటిలో మనిషి కనిపించాడు. 1912లో తీసిన ‘కెమెరామన్ పగ’లో పెంకుపురుగు మొగుడు పట్నంలో నాట్యగత్తె తూనీగతో సరసాలాడతాడు. ఇంట్లో పెళ్ళాం తక్కువ తిన్నదేమీ కాదు! కోపమొచ్చిన మిడత ఒకడు మొగుడి గుట్టంతా రహస్యంగా సినిమా తీసి, ఆలుమగలిద్దరి ఎదుటే ఆడిస్తాడు. చివరికి ఇద్దరూ జైలుపాలు. నవ్వుతూ చూస్తాం, ఇంటికొచ్చాక ఆ పురుగులెవరో తెలుస్తుంది.

1917 విప్లవం తరువాత స్వస్థలం వదిలి ఫ్రాన్సు చేరాడు. పారిస్ శివారులో ఇల్లే స్టూడియో, కూతురు ఐరీనే సహాయకురాలు. మన పంచతంత్రం నక్కలకు తీసిపోని జిత్తులమారి నక్క కథను పూర్తి నిడివి చిత్రంగా తీశారు. 1930 నాటికే బొమ్మల చిత్రీకరణ ముగిసినా, ధ్వని చిక్కులవల్ల ఏళ్ళ తరబడి డబ్బాల్లోనే మూలుగింది. 1937 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో విడుదలైంది. అదే డిసెంబరులో వచ్చిన డిస్నీ ‘స్నో వైట్’ లోకమంతా మారుమోగింది, నక్క మాత్రం మరుగున పడింది.

అయినా ఆయన పని మానలేదు. 1965లో కన్నుమూసేవరకు బొమ్మలతోనే బతికాడు. జువాలజీ లాబులో సూదికి గుచ్చిన పెంకుపురుగును మనం పరీక్ష కోసం చూస్తాం, మార్కులు రాగానే మరిచిపోతాం. ఈసారి కాస్త ఆగి చూడండి. ఆయనకు చాలినన్ని కథలు దొరికింది అక్కడే.