నగర ఆరోగ్యానికి బాట వేసిన ఇంజనీరు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఉగాదినాడు పెద్దలను స్మరించుకొనుట మన ఆచారము. చంద్రపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములు తప్పక స్మరింపదగిన మహనీయుడు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి ఇంటిపేరు గిద్దలూరు ప్రాంతములోని ఒక తెలుగు గ్రామము. పూర్వులు అక్కడినుండి మైసూరు సీమకు వలస వెళ్లినారు. వలస వచ్చిన మనవంటివారికి వారు ఆ విధముగా కూడ ఆత్మీయులే.

చిక్కబళ్లాపురం దగ్గర ముద్దెనహళ్లిలో వారు జన్మించినారు. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, పిల్లలకు పాఠములు చెప్పుకొంటూ బెంగుళూరులో చదివి, 1881లో బి.ఏ. పట్టము పొందినారు. పూనాలో ఇంజనీరింగు ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు మరామత్తు శాఖలో చేరినారు. అనగా వారు పని నేర్చినది ఈ మహారాష్ట్ర గడ్డ మీదనే.

సింధు తీరమున సుక్కూరు పట్టణానికి మంచినీరు ఇచ్చే పని వారికి వచ్చినది. నది నీరు బురద. వడపోత తొట్లు కట్టుటకు పురపాలక సంఘము వద్ద సొమ్ము లేదు. ఏటి గర్భములోనే బావి త్రవ్వించి, ఇసుకలో ఊరి తేటపడిన నీటిని ఊరికి అందించినారు. మందు లేని ఆరోగ్య సేవ అది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నది. ఎగువనున్న చెరువులు వందల సంఖ్యలో తెగుట ఆ ఉప్పెనను మరింత పెంచినది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. వారు గట్లు ఎత్తు చేయుటతో తృప్తిపడక, ఎగువనే వరదను పట్టి మెల్లగా వదలే జలాశయములను సూచించినారు. వేరే ఇంజనీర్ల చేతులమీదుగా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లోను సిద్ధమైనవి. అవే నగరానికి త్రాగునీరును ఇచ్చినవి.

అయితే వరద ఏనాడో వచ్చును; మురుగు ప్రతిదినము పారును. వీధి ప్రక్క నిలిచిన మురుగులో దోమ పుట్టును, అది ఇంకిన బావినుండి కలరా వచ్చును. కనుక మురుగును మూసిన కాలువలలో ఊరి దిగువకు తరలించు పథకము కూడ వారు రచించినారు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను విప్పి, వీధులను వెడల్పు చేసినది.

తరువాత మైసూరు దివానుగా పనిచేసి, 1955లో భారతరత్న పొంది, 1962 ఏప్రిల్‌లో, నూరేండ్లు నిండిన తరువాత వారు కీర్తిశేషులైనారు.

వారి జీవితము చెప్పే నీతి ఒక్కటే. ఊరి ఆరోగ్యము ఆసుపత్రిలోకన్న ముందు ఊరి పటము మీద నిర్ణయమగును. నీటికి విడిచిన జాగా వృథా జాగా కాదు. మన చంద్రపూరుకు ఒక ప్రక్క ఇరయి, మరొక ప్రక్క ఝర్‌పట్ ఉన్నవి. 2022 జూలైలో ఇరయి పొంగి పల్లపు బస్తీలను ముంచినది. అటువంటి చోట్ల ఇల్లు కట్టుకొనేవారు చాలవరకు కూలి కోసము వచ్చినవారే. చౌకగా దొరికే స్థలము అదే. కనుక స్థలము కొనే ముందు నాలా ఎటు పారునో చూచుకొందము. నాలాలో చెత్త వేయవద్దని పిల్లలకు నేర్పుదము. ఓటు అడుగ వచ్చినవారిని మురుగు కాలువ సంగతి అడుగుదము.

ఈ నూతన సంవత్సరము అందరి ఇండ్లకు ఆరోగ్యము ప్రసాదించుగాక!