బడి తలుపు తెరిచిన ఇఫ్ఫత్ రాణి

జెడ్డాలో పాత మక్కా రోడ్డు మీద వెళ్తుంటే ఇఫ్ఫత్ యూనివర్సిటీ కనిపిస్తుంది. సౌదీలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ దారిన ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఒకరోజు వెనక సీట్లో కూర్చున్న మా అమ్మాయి, ఇఫ్ఫత్ అంటే ఎవరు నాన్నా అని అడిగింది. రాజుగారి భార్య అనుకుంటా అని తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక చదవడం మొదలుపెడితే, మతం పేరుతో వచ్చే మూర్ఖత్వాన్ని ఒక ముస్లిం ఇల్లాలు ఎలా ఎదుర్కొన్నారో తెలిసింది. మన ప్రవాస కుటుంబాలతో పంచుకోవాలనిపించింది.

ఇఫ్ఫత్ అల్ థునయాన్ 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. వంశం మాత్రం అరేబియాదే. ఆమె పూర్వీకుడు అబ్దుల్లా బిన్ థునయాన్ 1840లలో కొద్దికాలం నజ్ద్ ప్రాంతాన్ని పాలించాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే మేనత్త దగ్గర పెరిగారు. డబ్బుకు కటకటలాడిన ఇల్లైనా చదువు మాత్రం ఆపలేదు. 1930ల మొదట్లో మేనత్తతో హజ్ యాత్రకు వచ్చినప్పుడు, అప్పట్లో హిజాజ్ పాలన చూస్తున్న యువరాజు ఫైజల్‌తో పరిచయమై 1932లో పెళ్లయింది. ఆమెకు అరబ్బీ అంతంతమాత్రం, ఆయనకు టర్కీ భాష రాదు. ఒకరి భాష ఒకరు నేర్చుకుంటూ కాపురం మొదలుపెట్టారు.

మన హైదరాబాద్ వాళ్లకు ఇక్కడ ఒక పోలిక గుర్తొస్తుంది. అదే ఇస్తాంబుల్‌లో 1914లో పుట్టిన దుర్రు షెహ్వార్, 1931లో నిజాం పెద్దకొడుకును పెళ్లాడి మన నగరానికి కోడలిగా వచ్చారు. పాతబస్తీలో ఆమె పేరుతో ఉన్న పిల్లల ఆస్పత్రి చాలామందికి తెలుసు. అక్కడ పుట్టిన ఇద్దరు ఆడపిల్లల్లో, ఇంచుమించు ఒకే సమయంలో, ఒకరు మూసీ ఒడ్డుకు, ఇంకొకరు ఎర్రసముద్రం ఒడ్డుకు కోడళ్లుగా చేరారన్నమాట.

సౌదీకి వచ్చేనాటికి ఇఫ్ఫత్ చూసింది ఆడపిల్లకు బడే లేని దేశం. ఇంటి దగ్గర ఖురాన్ చదవడం నేర్పించే ఆడవాళ్లు ఉండేవారు, కొన్నిచోట్ల చిన్న చిన్న ప్రైవేటు తరగతులు ఉండేవి, అంతే. ఆడపిల్ల బడికెళ్తే మతం చెడుతుందని గట్టిగా నమ్మేవాళ్లు చాలామంది. ఆమె మొదట 1940ల తొలినాళ్లలో తాయిఫ్‌లో మగపిల్లల కోసం ఒక ఆదర్శ పాఠశాల పెట్టించారు. ఆడపిల్లల బడికి ఇంకో పదేళ్లకు పైగా ఓపిక పట్టారు.

1955లో జెడ్డాలో దార్ అల్ హనాన్ మొదలైంది. ఆప్యాయతకు నెలవు అని ఆ పేరుకు అర్థం. బడి అని చాటితే అడ్డుపడేవాళ్లు ఉన్నారు గనుక అనాథ బాలికల సంరక్షణగా దాన్ని మొదలుపెట్టారు. అనాథలను ఆదరించడం ఖురాన్ పదేపదే చెప్పే పుణ్యకార్యం. దాన్ని ఎవరు కాదంటారు? తన సొంత కూతుళ్లనూ అక్కడే చదివించారు. రాజకుటుంబం ఆడపిల్లలే వెళ్తున్నారంటే మిగతా తల్లిదండ్రులకూ ధైర్యం వచ్చింది. మంచి తల్లి కావాలన్నా, మంచి ముస్లిం కావాలన్నా చదువు ఉండాలన్నది ఆమె వాదన. ఎదుటివాళ్లు మతం పేరుతో మూసిన తలుపును ఆమె మతం మాటతోనే తెరిచారు.

1960లో ప్రభుత్వమే బాలికల బడులు మొదలుపెట్టింది. మతపెద్దలు అడ్డుపడకుండా ఆ శాఖ అజమాయిషీని వాళ్లకే అప్పగించింది. అయినా 1963లో బురైదా పట్టణంలో పెద్ద గొడవైంది. బడి వద్దంటూ అక్కడి మగవాళ్లు బృందంగా రాజధానికి వెళ్లారు. ఫైజల్ వెనక్కి తగ్గలేదు. బడి తెరిచే ఉంటుంది, పిల్లను పంపాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం అన్నదే ఆయన విధానం. బడికి కాపలాగా బలగాలను పెట్టాల్సి వచ్చింది. మొదటి ఏడాది ఆ బడిలో ఉన్నది హెడ్‌మిస్ట్రెస్ కూతురు ఒక్కతే అని చెబుతారు. తర్వాతి ఏళ్లలో అదే ఊళ్లో బాలికల బళ్లు నిండాయి.

ఈ పట్టుదలకు ఆ ఇల్లు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1965లో టెలివిజన్ రాకను వ్యతిరేకించిన ఘర్షణలో ఫైజల్ సవతి సోదరుడి కొడుకు పోలీసుల చేతిలో చనిపోయాడు. అతని తమ్ముడు 1975 మార్చి 25న రియాద్‌లో ఫైజల్‌ను కాల్చి చంపాడు. 1979లో ముష్కరులు మక్కా మసీదును ఆక్రమించి రెండు వారాలు రక్తపాతం సృష్టించారు. వాళ్లను అణచిన తర్వాత కూడా దేశంలో ఆంక్షలు బిగిశాయి, అందులో ఎక్కువ భారం ఆడవాళ్ల మీదే పడింది. భర్తను పోగొట్టుకున్న ఇఫ్ఫత్ మాత్రం చదువు పని ఆపలేదు. ఎనభయ్యో పడి దాటాక, 1999లో జెడ్డాలో మహిళా కళాశాల స్థాపించారు. 2000 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ కళాశాలే తర్వాత యూనివర్సిటీ అయింది.

ఆమెను దేవతను చేయనక్కర్లేదు. రాజు అండ లేకపోతే ఇంత జరిగేది కాదు. మతపెద్దలకు అజమాయిషీ ఇచ్చిన రాజీ కూడా ఊరికే పోలేదు. 2002లో మక్కాలో ఒక బాలికల బడి తగలబడి 15 మంది పిల్లలు చనిపోయారు. సరైన పరదా లేదని పిల్లలను బయటికి రానివ్వలేదన్న ఆరోపణలు దేశాన్ని కుదిపేశాయి. ఆ తర్వాతే బాలికల విద్యను మతపెద్దల చేతిలోంచి తీసి విద్యాశాఖలో కలిపారు.

ఇది ఒక్క మతం కథ అనుకుంటే పొరపాటే. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టినప్పుడు మన పెద్దలూ ఆచారం పేరు చెప్పే ఎదురుతిరిగారు. పిల్లల చెవిలో ద్వేషం పోసేవాళ్లు ఈరోజు ఫోన్‌లోనే ఉన్నారు, ఏ దేశంలో ఉన్నా, ఏ మతమైనా. అది తప్పని ముందుగా పసిగట్టగలిగేది ఇంట్లో అమ్మే. ఆ అమ్మకు చదువు, మాట్లాడే ధైర్యం ఉండాలని ఇఫ్ఫత్ డెబ్బై ఏళ్ల క్రితమే గ్రహించారు.

మా అమ్మాయికి ఆ రాత్రి ఈ కథంతా చెప్పాను. బురైదా బడిలో ఒక్కతే కూర్చున్న ఆ పిల్లకు భయం వేయలేదా అని అడిగింది. వేసే ఉంటుందమ్మా, అయినా మర్నాడు మళ్లీ వెళ్లి ఉంటుంది అన్నాను.