లేమిని లెక్కించిన దాదాభాయి

దాదాభాయి నౌరోజీ 1825 సెప్టెంబరు 4న ఒక పేద పార్శీ అర్చక కుటుంబంలో జన్మించాడు. నాలుగేళ్ళ ప్రాయంలోనే తండ్రి మరణించగా, తాను చదువెరుగని తల్లి మాణెక్‌బాయి కుమారుని చదువుకు లోటు రానీయలేదు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో విద్యార్థియైన ఆయన అక్కడే గణితాచార్యుడయ్యాడు. 1855లో వ్యాపారనిమిత్తం లండను చేరాడు.

ఆనాటి పాలకులు రైలుమార్గాలనూ, పెరిగిన ఎగుమతులనూ చూపి భారతదేశం సుభిక్షంగా ఉందనేవారు. 1866లో ఒరిస్సాలో లక్షలమంది కరవు వాతబడ్డారు. దేశస్థితిని లెక్కలే తేల్చాలని గణితాచార్యుడు నిశ్చయించాడు. ఒక్కొక్క రాష్ట్రపు సాగుభూమిని, ఎకరా దిగుబడిని, ధరలను సర్కారు నివేదికల నుండే గ్రహించాడు. ఉప్పు, బొగ్గు, చేతివృత్తుల విలువ కూడా చేర్చగా మొత్తం 34 కోట్ల పౌన్లయింది. దానిని 17 కోట్ల జనానికి పంచితే తలకు ఏటా 2 పౌన్లు, అనగా 20 రూపాయలు.

ఈ ఇరవై రూపాయలు మనిషికి చాలునా? దీనికి కొలబద్ద కావాలి. నౌరోజీకి అది కారాగారంలో దొరికింది. ప్రభుత్వమే ఖైదీ తిండికీ బట్టకూ ఎంత వెచ్చిస్తున్నదో చూశాడు. నాడు తెలుగు జిల్లాలనేకం చేరివున్న మద్రాసు ప్రెసిడెన్సీలో తలసరి ఉత్పత్తి 18 రూపాయలు. ఖైదీ ఖర్చు 53 రూపాయలు! బొంబాయిలో ఇవి 22, 47. బెంగాలులో 15, 31. ఖైదీలు పెద్దవారు, జనాభాలో పసివారూ ఉంటారు కదా అని ఆ ఖర్చును ముప్పాతికకు తగ్గించినా మద్రాసు లెక్క 40 రూపాయలకు చేరువగానే నిలుస్తుంది.

సగటు సగం నిజమే చెబుతుందని కూడా ఆయన ఎరుగును. సంపన్నుల వాటా అధికం గనుక కూలివానికి ఆ 18 రూపాయలైనా దక్కవు. 1876లో బొంబాయిలో చదివిన వ్యాసంలో ఈ విషయాలన్నీ వివరించాడు. సేవావృత్తుల ఆదాయాన్ని చేర్చకపోవడం ఈ గణనలోని లోపమే. అయితే 1882లో బేరింగు, బార్బరు అను అధికారులు వేసిన లెక్క కూడా 27 రూపాయలను దాటలేదు. దాని వివరాలు కోరినా నౌరోజీకి లభించలేదు.

1892లో ఆయన బ్రిటిషు పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1895లో భారత వ్యయంపై నియమితమైన రాయల్ కమిషన్‌లో సభ్యుడై, ఈ వాదాన్నే అక్కడా వినిపించాడు. 1901లో తన వ్యాసాలను, ప్రసంగాలను, లేఖలను గ్రంథంగా ప్రకటించాడు. 1917 జూన్ 30న బొంబాయిలో కన్నుమూశాడు.