జోసఫ్ తంబి

బ్రదర్ జోసఫ్ తంబి (1883 – జనవరి 15, 1945) కృష్ణా జిల్లా పెదఅవుటపల్లిలో తన చివరి సంవత్సరాలు గడిపిన కతోలిక భక్తుడు. ఫ్రాన్సిస్కన్ మూడవ సభకు చెందిన గృహస్థ సభ్యుడు. ఆయనకు గురుపట్టం లేదు, సంఘంలో పదవి లేదు, సొంత ఆస్తి లేదు. అయినప్పటికీ ఆయన సమాధి నేడు విజయవాడ మేత్రాసనంలో గుణదల తరువాత ప్రముఖంగా చెప్పుకోదగిన యాత్రాస్థలాలలో ఒకటి. 2007లో ఆయన పునీత పట్ట ప్రక్రియ మేత్రాసన స్థాయిలో మొదలైంది. అప్పటినుండి ఆయనను దైవసేవకుడు అని వ్యవహరిస్తున్నారు. కతోలిక పిల్లలకు వినయము, ప్రతి మనిషి విలువ అనే విషయాలను బోధించేటప్పుడు ఉదహరించదగిన జీవితం ఆయనది.

బాల్యము

తంబి పూర్వీకులు పుదుచ్చేరి ప్రాంతపు తమిళులు. ఆయన జన్మించినది మాత్రం నేటి వియత్నాంలోని సైగాన్ నగరంలో. ఈ నగరానికి ఇప్పుడు హో చి మిన్ నగరం అని పేరు. ఆ కాలంలో పుదుచ్చేరి, సైగాన్ రెండూ ఫ్రెంచి వారి పాలనలో ఉండేవి. అందువలన పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాల తమిళులు ఉద్యోగాల కోసం, వ్యాపారం కోసం అక్కడికి వలస వెళ్ళేవారు. తంబి చిన్నతనంలోనే తల్లిని కోల్పోయాడు. తరువాత భారతదేశానికి వచ్చి, ఇల్లు విడిచి, తమిళ, మలయాళ ప్రాంతాలలో అనేక సంవత్సరాలు సంచార జీవితం గడిపాడు.

తంబి అనే మాటకు తమిళంలో తమ్ముడు అని అర్థం. వయసులో చిన్నవారిని ఆప్యాయంగా పిలిచే పిలుపు అది. తెలుగునాట ఆయన పేరుకు ముందు బ్రదర్ అనే ఆంగ్ల పదం కూడా చేరింది. ఈ విధంగా ఆయన పేరు రెండు భాషలలోనూ సోదరత్వాన్నే సూచిస్తుంది. ఫ్రాన్సిస్ అస్సీసి తన సభవారికి పెట్టిన పేరుకు కూడా చిన్న సోదరులు అనే అర్థం.

ఫ్రాన్సిస్కన్ మూడవ సభ

ఇటలీలోని అస్సీసి నగరంలో సంపన్న వస్త్ర వ్యాపారి కుమారుడైన ఫ్రాన్సిస్ (మరణం 1226) ఆస్తిని వదలుకొని పేదరికాన్ని స్వీకరించాడు. ఆయన మార్గంలో ఏర్పడిన సభలలో మొదటిది పురుష సన్యాసులది, రెండవది సన్యాసినులది. ఇళ్ళలో ఉంటూ, వృత్తులు చేసుకుంటూ అదే మార్గాన్ని అనుసరించదలచిన సామాన్యుల కోసం ఏర్పడినది మూడవ సభ.

తంబి జన్మించిన 1883 సంవత్సరంలోనే 13వ లియో పోపు ఈ సభ నియమావళిని సరళీకరించాడు. దాని ప్రకారం 14 సంవత్సరాలు నిండిన వారు సభ్యులుగా చేరవచ్చు. ఆడంబరమైన దుస్తులు, విలాసాలు మానుకోవాలి. ప్రతిదినము పరలోక జపము, మంగళవార్త జపము, త్రిత్వస్తోత్రము పన్నెండేసి సార్లు చెప్పాలి. తగవులు పెట్టుకోకుండా, ఉన్న తగవులను తీర్చే ప్రయత్నం చేయాలి. ఈ నియమాలలో చదువు, కులము, సంపదల ప్రసక్తి లేదు. రాజులు, కూలివారు ఒకే నియమావళి క్రింద సభ్యులయ్యారు. తంబి ఈ సభలో చేరి, గోధుమరంగు అంగీ, నడుముకు త్రాడు ధరించేవాడు.

అవుటపల్లికి రాక

తంబి 1930ల ద్వితీయార్ధంలో కృష్ణా డెల్టాకు వచ్చి పెదఅవుటపల్లిలో స్థిరపడ్డాడు. ఈ గ్రామం గన్నవరం సమీపంలో, విజయవాడ – ఏలూరు మార్గంలో ఉన్నది. ఇక్కడ రైల్వే స్టేషను కూడా ఉన్నది.

అప్పటికి ఈ ప్రాంతంలో కతోలిక సంఘం కొత్త రూపు దిద్దుకుంటున్నది. ఇటలీలోని మిలాన్ నగరానికి చెందిన మిషనరీలు హైదరాబాదు మేత్రాసనం తరపున డెల్టా గ్రామాలలో పనిచేసేవారు. గుణదల కొండపై మరియమాత క్షేత్రానికి 1924లో పునాది పడింది. 1933లో బెజవాడ ప్రాంతాన్ని హైదరాబాదు నుండి వేరుచేశారు. 1937లో అది ప్రత్యేక మేత్రాసనం అయింది.

1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల నీటితో డెల్టా వరిసాగుకు పెట్టింది పేరయింది. పంటతోపాటు భూమి విలువ, భూమి ఉన్నవారి పలుకుబడి కూడా పెరిగాయి. పొలాల్లో నాట్లు వేసి, కోతలు కోసిన కూలీలలో అధికులకు సొంత భూమి లేదు. వారిలో చాలామంది ఊరికి దూరంగా మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో నివసించిన దళితులు. క్రైస్తవ మతంలో చేరినవారిలోనూ వీరి సంఖ్య ఎక్కువ. మతం మారినా కుల భేదం పూర్తిగా తొలగలేదు. మనిషిని ఎకరాలతోను, కులంతోను కొలిచే అటువంటి సమాజంలోకి, ఆ రెండు కొలతలకూ అందని పరాయి ప్రాంతపు వ్యక్తిగా తంబి వచ్చాడు.

జీవన విధానము

తంబి ప్రార్థన, ఉపవాసము, భిక్షాటనలతో జీవించాడు. తనకు లభించినదానిని పేదలతో పంచుకొనేవాడని, రోగుల ఇళ్ళకు వెళ్ళి పరామర్శించేవాడని, పిల్లలను చేరదీసి జపాలు నేర్పేవాడని ఆ ప్రాంతపు కతోలికులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. దివ్యసత్ప్రసాదం పట్ల, మరియమాత పట్ల ఆయన భక్తి ప్రసిద్ధమైనది.

ఆయన జీవించిన చివరి సంవత్సరాలు రెండవ ప్రపంచ యుద్ధకాలం. 1942లో బర్మా జపాను వశం కావడంతో అక్కడి నుండి బియ్యం దిగుమతి నిలిచిపోయింది. ధరలు పెరిగి, దేశంలో పేదల జీవితం దుర్భరమయింది. భిక్షగా తెచ్చినది పంచుకోవడం అటువంటి రోజులలో చిన్న విషయం కాదు.

పంచగాయాలు

క్రీస్తు సిలువపై పొందిన గాయాలను పోలిన గాయాలు తంబి శరీరంపై కనిపించేవని భక్తుల విశ్వాసం. ఇటువంటి గాయాలను పంచగాయాలు అంటారు. ఫ్రాన్సిస్ అస్సీసికి 1224లో ఇవి కలిగినట్లు కతోలిక సంప్రదాయం చెబుతుంది. తంబి విషయంలో శ్రీసభ అధికారికంగా తుది నిర్ణయం ప్రకటించలేదు. పునీతులను నిర్ణయించేటప్పుడు శ్రీసభ ప్రధానంగా పరిశీలించేది అద్భుత లక్షణాలను కాదు, విశ్వాసము, ఆశ, ప్రేమ, వినయము వంటి సుగుణాలను ఆ వ్యక్తి ఎంత దృఢంగా ఆచరించాడనే విషయాన్ని.

మరణము, పుణ్యక్షేత్రము

తంబి 1945 జనవరి 15న పెదఅవుటపల్లిలో మరణించాడు. ఆయనను అక్కడే సమాధి చేశారు. ప్రతి సంవత్సరం జనవరి 13 నుండి 15 వరకు అక్కడ ఉత్సవాలు జరుగుతాయి. ఇవి సంక్రాంతి రోజులు కావటం వలన, పంట ఇంటికి వచ్చిన సమయంలో డెల్టా గ్రామాల నుండి భక్తులు పెద్ద సంఖ్యలో వస్తారు. వీరిలో కతోలికులే కాక ఇతర మతాలవారు కూడా ఉంటారు.

పునీత పట్ట ప్రక్రియ

కతోలిక శ్రీసభలో పునీత పట్టానికి నాలుగు దశలు ఉన్నాయి. అవి దైవసేవకుడు, గౌరవనీయుడు, ధన్యుడు, పునీతుడు. మొదటి దశలో మేత్రాసనం సాక్ష్యాలను, పత్రాలను సేకరిస్తుంది. ధన్యుడుగా ప్రకటించేవరకు ఆ వ్యక్తి పేరిట బహిరంగ ఆరాధన జరపరాదనే నియమం ఉన్నది. భక్తులు వ్యక్తిగతంగా ప్రార్థించుకోవచ్చు. తంబి విషయంలో మొదలైనది ఈ మొదటి దశయే.

గురుపట్టం లేని సామాన్యులు పునీతులు కావడం భారతదేశంలో అరుదు. కన్యాకుమారి ప్రాంతానికి చెందిన దేవసహాయం పిళ్ళై 2022 మే 15న పునీతుడుగా ప్రకటింపబడి, ఆ గౌరవం పొందిన తొలి భారతీయ గృహస్థుడయ్యాడు. 18వ శతాబ్దంలో తిరువాన్కూరులో జీవించిన ఆయన, కుల భేదం పాటించకుండా అందరితో కలిసిమెలసి ఉన్నాడు.

పిల్లల ధర్మబోధలో ప్రాముఖ్యత

కతోలిక విచారణలలో పిల్లలకు తొలి సత్ప్రసాదానికి ముందు సత్యోపదేశం నేర్పుతారు. 1910లో 10వ పయస్ పోపు ఇందుకు వయసును సుమారు ఏడు సంవత్సరాలకు తగ్గించాడు. ఆ వయసు పిల్లలకు వినయాన్ని నిర్వచనాలతో వివరించటం కష్టం. ఒక మనిషి జీవితాన్ని చూపి చెప్పడం సులభం.

అయితే వినయాన్ని బోధించటంలో ఒక చిక్కు ఉన్నది. తరతరాలుగా తల వంచుకొని బ్రతకవలసి వచ్చిన కుటుంబాల పిల్లలకు వినయమంటే మళ్ళీ తల వంచటమే అనిపించే ప్రమాదం ఉన్నది. కతోలిక బోధన ప్రకారం ప్రతి మనిషి దేవుని పోలికలో సృష్టింపబడినవాడు. కనుక తనను తాను తక్కువ చేసుకోవటం వినయం కాదు, ఇతరులను తక్కువగా చూడకపోవటం వినయం.

తంబి జీవితం ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. కూలీల పేదరికం వారిపై రుద్దబడినది, తంబి పేదరికం ఆయన స్వయంగా ఎన్నుకొన్నది. మొదటిదానిని తొలగించవలసిన అన్యాయంగా, రెండవదానిని స్వేచ్ఛగా చేసిన త్యాగంగా చూడవలసి ఉంటుంది. ఆయన పేదవారిని అణగి ఉండమని చెప్పే స్థానంలో లేడు. వారి మధ్యకు వచ్చి, వారిలో ఒకనిగా, అందరికీ తమ్ముడిగా జీవించాడు. ఏ అధికారమూ లేని అటువంటి మనిషి సమాధి వద్దకు భూమి ఉన్నవారు, లేనివారు కూడా నేటికీ వస్తున్నారు.