చెవి పోయినా లయ తప్పని బీథోవెన్

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం గురించి వ్రాయవలసిందిగా మన కార్యదర్శి గారు కోరారు. నేను పాశ్చాత్య సంగీతకర్త లుడ్విగ్ వాన్ బీథోవెన్‌ను ఎంచుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళతో గడిపిన గుమాస్తాకు ఈయనెందుకని మిత్రులు అనుకోవచ్చు. దానికొక కారణం ఉన్నది, చివరలో మనవి చేస్తాను.

బీథోవెన్ 1770లో జర్మనీలోని బాన్ నగరంలో జన్మించారు. తండ్రి ఆస్థాన గాయకుడు, తాగుడుకు బానిస. 1787లో తల్లి మరణించింది. ఇద్దరు తమ్ముళ్ళ భారం ఆయన మీద పడింది. 1789లో ప్రభువుకు అర్జీ పెట్టుకుని, తండ్రి జీతంలో సగం తన చేతికే వచ్చేటట్లు ఉత్తర్వు సంపాదించారు. అప్పటికి ఆయన వయస్సు 18 ఏళ్ళు. 1792లో వియన్నా చేరి, పియానో విద్వాంసునిగా గొప్ప పేరు తెచ్చుకున్నారు.

ముప్పై ఏళ్ళు నిండకముందే వినికిడి తగ్గసాగింది. సంగీత విద్వాంసునికి ఇంతకు మించిన శిక్ష ఏమున్నది? 1802లో తమ్ముళ్ళకు ఒక ఉత్తరం వ్రాసి, పంపకుండా దాచుకున్నారు. అది ఆయన మరణానంతరం బయటపడింది. నాకు వినబడదు, గట్టిగా చెప్పండని నలుగురిలో అనలేకనే మనుషులకు దూరమయ్యానని అందులో బాధపడ్డారు.

ఇక మన పెన్షనర్లకు బాగా అర్థమయ్యే సంగతి. 1809లో రుడాల్ఫ్, లోబ్కోవిట్జ్, కిన్‌స్కీ అనే ముగ్గురు ప్రభువులు, ఆయన వియన్నా విడిచి వెళ్ళకుండా ఉంటే ఏటా 4,000 ఫ్లోరిన్లు ఇస్తామని పత్రం వ్రాసి ఇచ్చారు. 1811లో ప్రభుత్వం నాణెం విలువను అయిదో వంతుకు దించింది. కరువు భత్యం లేని పెన్షన్ ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. లోబ్కోవిట్జ్ ఆర్థికంగా చితికి చెల్లింపులు ఆపారు. 1812లో కిన్‌స్కీ గుర్రం మీద నుంచి పడి మరణించారు. బకాయిల కోసం బీథోవెన్ కోర్టుల చుట్టూ తిరిగారు. 1815లో గాని 3,400 ఫ్లోరిన్లకు పరిష్కారం కుదరలేదు.

సరిగ్గా ఆ చిక్కుల మధ్య, 1811 చివర మొదలుపెట్టి 1812లో ముగించినది ఆయన ఏడవ సింఫనీ. అంటే వాద్యబృందం అంతా కలిసి వాయించే పెద్ద రచన. 1813 డిసెంబరు 8న వియన్నాలో, యుద్ధంలో గాయపడిన సైనికుల సహాయార్థం జరిగిన కచేరీలో ఆయనే స్వయంగా నిర్వహించారు. అందులోని రెండవ భాగాన్ని మళ్ళీ వాయించమని సభ కోరింది.

మా మనుమడు నాకు వినిపించినది ఆ రెండవ భాగమే. శ్రుతి ఏ మైనర్. మన చెవికి నటభైరవి, కీరవాణి ఛాయలు తోస్తాయి. లయ మొదటి నుంచి చివరిదాకా ఒకటే నడక: ఒక గురువు, రెండు లఘువులు, రెండు గురువులు. చిన్నప్పుడు పద్యాలకు గణవిభజన చేసిన వారికి భగణం మీద రెండు గురువులని వెంటనే తెలుస్తుంది. ముందు బరువైన తంత్రీ వాద్యాలు మెల్లగా ఎత్తుకుంటాయి, తరువాత వయొలిన్లు ఒక్కొక్క వరుసే చేరతాయి, చివరకు బృందమంతా కలుస్తుంది. మధ్యలో అదే ఆధార షడ్జం మీద శంకరాభరణం వలె వెలుగు వస్తుంది. అప్పుడు కూడా అడుగున ఆ నడక ఆగదు.

మనుమడు రెండు రికార్డులు వినిపించాడు. 1950లో ఫుర్ట్‌వెంగ్లర్ వియన్నా బృందంతో చేసినది సుమారు పది నిమిషాలు సాగుతుంది. అది వింటుంటే అంతిమయాత్ర వెంట నడుస్తున్నట్లుంటుంది. 1970లలో అదే బృందంతో కార్లోస్ క్లైబర్ చేసినది సుమారు ఎనిమిది నిమిషాలే. స్వరాలు అవే, శ్రుతి అదే, భావం మాత్రం వేరు. ఇందులోనూ దుఃఖం ఉన్నది గాని, కూలబడిన దుఃఖం కాదు, లేచి నడిచే దుఃఖం.

రెండూ గొప్పవే. కాని కర్త అభిప్రాయం కాగితం మీదే ఉన్నది. బీథోవెన్‌కు చెవి గొట్టాలు తయారుచేసి ఇచ్చిన మెల్జెల్ అనే ఆయనే, కాలప్రమాణం కొలిచే మెట్రొనోమ్ యంత్రానికి 1815లో పేటెంట్ పొందారు. 1817లో బీథోవెన్ తన ఎనిమిది సింఫనీలకూ ఆ యంత్రం లెక్క ప్రకారం వేగాలు ప్రకటించారు. ఈ భాగానికి ఆయన వేసిన అంకె నిమిషానికి 76. గడియారం సెకను ముల్లు కన్నా చురుకైన నడక. అది శోకగీతం వేగం కాదు. చెవి పోయి, రావలసిన సొమ్ము ఆగిపోయిన రోజుల్లో కూర్చిన స్వరాలకు ఆయన వేసిన వేగం అది.

ఆయన 1827 మార్చి 26న వియన్నాలో కన్నుమూశారు.

ఇక నా కారణం. గడచిన మూడేళ్ళుగా నేను మన సంఘ సమావేశాలకు రావడం మానుకున్నాను. మోకాళ్ళ నొప్పులని కబురు పంపాను. అసలు సంగతి, ఎవరు ఏమన్నదీ వినబడక, అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వి ఇంటికి వచ్చేవాడిని. ఆ 1802 నాటి ఉత్తరం సంగతి చదివాక నా అబద్ధానికి నాకే సిగ్గు వేసింది. ఇప్పుడు చెవి యంత్రం పెట్టించుకున్నాను. వచ్చే సమావేశానికి తప్పక వస్తాను. మిత్రులు దయచేసి కొంచెం గట్టిగా మాట్లాడవలసిందిగా కోరుతున్నాను. నావలె దాచుకుంటున్న సభ్యులెవరైనా ఉంటే, వారూ నా పక్కన వచ్చి కూర్చోవచ్చు.